గాలికి లెక్కలు రావు

"అల ఎంతెత్తు లేచింది?" అని అడిగింది ఇన్‌స్పెక్టరు.

బావమరిది చెయ్యెత్తి తన నెత్తికి జానెడు పైన చూపించాడు. "ఇంత. పక్కనించి కొట్టింది. బావ చుక్కాని దగ్గర నిలబడి ఉన్నాడు. రెప్పపాటులో లేడు."

"టైమెంత?"

"తొమ్మిదీ ఇరవై."

ఆమె రాసుకుంది. డిపార్టుమెంటులో ఆమెకి వెనకాల గడియారమ్మ అని పేరు. ఎదుటివాడు ఏడుస్తున్నా, కళ్ళెర్రజేస్తున్నా ఆమె అడిగే మొదటి మాట టైమెంత అనే. ఆ పేరు తన చెవిన పడిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

తప్పిపోయిన మనిషి బడిలో లెక్కలు చెప్పే మాస్టారు. సెలవు రోజు వస్తే పదహారడుగుల తెరచాప పడవ వేసుకుని సముద్రం మీదికి షికారు పోవడం ఆయనకి పదేళ్ళ అలవాటు. నిన్న, ఆదివారం పొద్దున్న ఏడింటికి, భార్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రేవు దాటాడు. మధ్యాహ్నం రెండింటికి ఆ పడవ చేపలవాళ్ళ కంటబడితే తాడు కట్టి లాక్కొచ్చారు. అందులో బావమరిది ఒక్కడే ఉన్నాడు.

ఇవాళ సోమవారం, పదిన్నర. పడవల క్లబ్బు ఆఫీసు గదిలో బల్లకి అటు అతను, ఇటు ఆమె, కిటికీ దగ్గర తీరరక్షక దళం కెప్టెన్. బావమరిది చెప్పింది చెప్పినట్టే మూడోసారి చెప్పాడు. ఉత్తరాన లైట్‌హౌస్ ఎదురుగా ఉండగా అల కొట్టింది. బావ లైఫ్ జాకెట్ వేసుకోలేదు. తెరచాప దించుదామంటే చేతులాడక తాడు కోసేశాడు. ఫోన్లు రెండూ నీళ్ళపాలయ్యాయి. ఆ తర్వాత పడవ నీరు ఎటు మోసుకుపోతే అటు పోయింది. చేపలవాళ్ళకి దొరికిన చోటు రేవుకి దక్షిణంగా ఆరు కిలోమీటర్లు. మాటకి మాట అతికినట్టే ఉంది. ఆమెకి నచ్చనిదల్లా మరీ అంత బాగా అతకడమే.

బయల్దేరేముందు వాతావరణం చూసుకున్నారా అని అడిగింది.

"ఆ అంకెలన్నీ బావ చూస్తాడు మేడమ్. నాకు ఆకాశం చూస్తే చాలు. ఈ నెలలో నీరు దక్షిణానికే పోతుందని ఈ రేవులో అందరికీ తెలిసిందే."

నీరు ఎటు పోతుందని ఆమె అడగలేదు. ఆ మాట కింద చిన్న గీత గీసుకుంది.

సాయంత్రం దాకా అతన్ని ఇక్కడే కూచోబెడదామని ఆమె అంటే కెప్టెన్ ఒప్పుకోలేదు. అక్క ఇంట్లో కుప్పకూలి ఉంది, ఇతను కళ్ళముందే బావని పోగొట్టుకున్నాడు, ఇంక ఏం కావాలన్నాడు. ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషి. గొంతు కూడా గాలికి ఎదురు నిలిచి మాట్లాడినట్టే ఉంటుంది.

"మీరు నేలమీద దొంగల్ని పట్టుకోండి మేడమ్. నీళ్ళమీద జరిగింది నాకొదిలెయ్యండి."

ఆపడానికి ఆమె చేతిలో ఏమీ లేదు. పదకొండింటికి బావమరిది ఇంటికి వెళ్ళిపోయాడు.

మాస్టారి పడవ ఒడ్డున చక్రాల బండి మీద ఉంది. ఆమె బూట్లు విప్పి ఎక్కింది. కెప్టెన్ చేతులు కట్టుకుని కింద నిలబడ్డాడు. ముందుభాగంలో లైఫ్ జాకెట్లు తగిలించే కొక్కేలు రెండు. రెండూ ఖాళీ. బావమరిది ఒక జాకెట్ తొడుక్కుని ఒడ్డుకొచ్చాడు. మాస్టారు వేసుకోకపోతే రెండోది కొక్కేనికి ఉండాలి కదా అని ఆమె అడిగింది. అల లాక్కుపోయి ఉంటుందని కెప్టెన్ జవాబు. తాడు చూసింది. కత్తితో ఒక్క వేటుకి తెగింది. అది అతనే ఒప్పుకున్నాడు కదా అన్నాడు కెప్టెన్.

చుక్కాని పక్కన మూత లేని చిన్న అర ఉంది. అందులో ఒక నోటుపుస్తకం, దాని మీద ఒక పెన్సిలు. ఆమె పుస్తకం తీసి పేజీలు బొటనవేలితో జారవిడిచింది. గలగలమన్నాయి. ఎక్కడా తడి లేదు, ఉబ్బు లేదు, ఉప్పు మరక లేదు.

"మనిషి నెత్తికి పైన లేచిన అల," అంది ఆమె. "నిలబడ్డ మనిషిని ఎత్తుకుపోయింది. కొక్కేనికున్న జాకెట్‌ని ఎత్తుకుపోయింది. పెన్సిల్ని మాత్రం కదపలేదు."

కెప్టెన్, సముద్రంలో ఇంతకన్నా వింతలు చూశాననీ, తన పడవలు లైట్‌హౌస్ నించి దక్షిణంగా వెతుకుతున్నాయనీ, వాటి దగ్గరికి తను పోవాలనీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ పడవ అంచునే కూచుని పుస్తకం చదివింది. రోజుకో పంక్తి, ముత్యాల్లాంటి అక్షరాలు. చివరిది ఇలా ఉంది: ‘ఆదివారం 6.10. అల 0.4 మీటరు. గాలి 4. నీటి వేడి 28. నీరు ఇవాళా ఉత్తరానికే. ఆశ్చర్యం.’

మాస్టారి భార్యకి ఫోన్ చేసింది. ఆవిడ ఏడుస్తూనే ఎత్తింది. అయినా ఆ పంక్తి సంగతి ఎత్తగానే కాస్త తేరుకుంది. ఆయన పళ్ళు తోముకోకుండా అయినా పడవెక్కుతాడు గానీ ఆ అంకెలు చూడకుండా ఎక్కడని చెప్పింది. సముద్రంలో ఏవో యంత్రాలు పెట్టారట, అవి చెప్పినవి ఫోన్లో వస్తాయట. సముద్రం ఇవాళ ఏమంటోందో చూడనీ అంటూ మంచం మీదే కూచుని రాసుకుంటాడట. ఆ అంకెలు ఎవరు పంపుతారని ఇన్‌స్పెక్టరు అడిగింది. రేవు వెనక మూడంతస్తుల ఆఫీసుందట, అక్కడెవరో పెద్దాయన ఉంటాడట.

మధ్యాహ్నం రెండింటికి ఆమె ఆ ఆఫీసు మూడో అంతస్తుకి వెళ్ళింది. పొడవాటి గది, గోడంతా కంప్యూటరు తెరలు. మధ్యలో భుజాలు వంగిన ఒక శాస్త్రవేత్త స్వెట్టరు వేసుకుని కూచున్నాడు. యంత్రాల కోసం ఆ గదిని చల్లగా ఉంచాలట. తనేం పెద్ద శాస్త్రవేత్తని కాననీ, సముద్రానికి గుమాస్తాననీ పరిచయం చేసుకున్నాడు.

ఆదివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి లైట్‌హౌస్ దగ్గర సముద్రం ఎలా ఉందో చూడాలని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పగలరని ఆమె నమ్మలేదు. నిన్నటి నీరు ఇవాళ ఉండదు కదా.

ఆయన రెండు మీటలు నొక్కాడు.

తెర మీద తీరం గీత కనిపించింది. దాని పక్కన నల్లటి సముద్రం. ఆ నలుపు మీద వేల బాణాలు వెలిగాయి, బియ్యపు గింజంత ఒక్కోటి. ఆయన గడియారం ముందుకి తిప్పుతుంటే అవన్నీ ఒక్కసారిగా ఒరిగి, మెల్లగా తిరిగి, ఒకచోట సుళ్ళు చుట్టుకుని మళ్ళీ విడిపోయాయి. గాలికి పచ్చటి చేను వంగినట్టుంది. ఆమె కుర్చీలోంచి తెలియకుండానే లేచి తెర దగ్గరికి వెళ్ళింది. ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళ ఉద్యోగం ఆమెది. ఇన్నేళ్ళూ సముద్రమంటే రోడ్డు చివర కనిపించే నీలం గీత, అంతే. ఆ గీత అవతల, ఎవరూ చూడని వేళ, ఇంత పని జరుగుతోందా అనుకుంది. జరిగిందంతా రాసిపెట్టేవాళ్ళు కూడా ఉన్నారా?

ఆయన వివరించాడు. ఒడ్డున రెండు చోట్ల రాడార్ స్తంభాలు ఉన్నాయి. అవి పంపిన తరంగాలు అలల మీద తగిలి వెనక్కొస్తాయి. దాన్నిబట్టి పైనీరు ఎటు, ఎంత జోరుగా పోతోందో గంటకోసారి పటం తయారవుతుంది. ఇవి కాక, ఒడ్డుకి పదిహేను కిలోమీటర్ల దూరంలో పసుపుపచ్చని బోయా ఒకటి లంగరేసి తేల్చారు. చిన్న గదంత వెడల్పు ఉంటుంది. అల ఎత్తు, గాలి, ఎండ, నీటి వేడి కొలిచి పది నిమిషాలకోసారి పంపుతుంది.

"ఇదంతా పెద్ద ఓడల కోసం పెట్టారమ్మా," అన్నాడు. "ఇప్పుడు ఎక్కువగా చూసేది షికారు పడవలవాళ్ళే. తెరచాపవాడు, తెడ్డు పడవవాడు, గాలం వేసుకునేవాడు. మీటరు అల ఓడకి లెక్కలోది కాదు. పదహారడుగుల పడవకి అది చావుబతుకుల సంగతి."

ఆ లెక్కల మాస్టారు తనకీ తెలుసన్నాడు. ఎప్పుడూ చూడలేదు, ఉత్తరాల మీదే పరిచయం. రెండేళ్ళ కిందట ఒక బాణం తలకిందులుగా పడితే, ఆరు నెలలపాటు తమలో ఎవరూ పట్టుకోని ఆ తప్పుని ఆయన పట్టుకుని రాశాడట.

ఆమె పుస్తకం తెరిచి ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగింది. ఆదివారం తొమ్మిదింటికి అల? నలభై సెంటీమీటర్లు. తొమ్మిదీ ఇరవైకి? అంతే. నెత్తికి పైన లేచే అల? ఆ రోజు ఈ తీరంలో ఎక్కడా లేదు. నీరెటు?

"ఉత్తరానికి. శుక్రవారం నించీ అంతే. బయట పెద్ద సుడి ఒకటి వచ్చి మామూలు దారిని అడ్డగించింది. ఏటా ఈ నెలలో దక్షిణానికే పోతుందనేది నిజమే. ఈ వారం మాత్రం కాదు."

అంటే లైట్‌హౌస్ దగ్గర వదిలేసిన పడవ దక్షిణానికి వచ్చే వీల్లేదు. ఆయన ఆ పడవ దొరికిన చోటు చుక్క పెట్టి, గాలి తోపు కూడా కలిపి, గడియారాన్ని వెనక్కి తిప్పాడు. చుక్క వెనక్కి నడిచింది. రెండు, ఒకటి, పన్నెండు, పదకొండు, పది. తొమ్మిదీ ఇరవైకి అది ఆగిన చోటు లైట్‌హౌస్‌కి ఎంతో దూరం. నడిసముద్రంలో, బోయాకి దక్షిణంగా కిలోమీటరు కూడా లేదు.

ఆమె వెంటనే కెప్టెన్‌కి ఫోన్ చేసి, మీరు వెతుకుతున్న చోట ఆ పడవ అసలు లేదని చెప్పింది.

మూడు గంటలకి కెప్టెన్ మెట్లెక్కి వచ్చాడు. తెర చూశాడు, బాణాలు చూశాడు, కుర్చీ ఇవ్వబోతే వద్దన్నాడు. భయంలో ఉన్న మనిషికి దిక్కులు తెలియవనీ, చోటు తప్పు చెప్పినంత మాత్రాన నేరం చేసినట్టు కాదనీ అన్నాడు. ఒక్క బోయా మొత్తం సముద్రాన్ని ఎలా చూస్తుంది? దాని అంకెల్లో సగం తప్పులే.

"అదిగో, మీ వరసల్లోనే ఖాళీలు," అంటూ బోయా అంకెలున్న తెర మీద వేలు పెట్టాడు.

నిజమే. అల ఉంది, ఎండ ఉంది, నీటి వేడి ఉంది. గాలి దగ్గర మాత్రం నడుమ నడుమ తెల్లగా ఖాళీలు. శాస్త్రవేత్త కాస్త సిగ్గుపడ్డాడు. తప్పుడు అంకె వస్తే కంప్యూటరు తనే తీసేస్తుందనీ, పడవలవాళ్ళు మోసపోకుండా అదొక జాగ్రత్త అనీ చెప్పాడు. బోయా నెత్తిన గాలికి గిర్రున తిరుగుతూ దాని జోరు కొలిచే గిన్నెలు ఉండుండి తిరగడం మానేస్తున్నాయి. బాగుచేసే పడవ బుధవారం వెళుతుంది.

"ఎప్పటినించి మానేస్తున్నాయి?" అని అడిగింది ఇన్‌స్పెక్టరు.

"నిన్న పదకొండూ పది నించి."

ఆమె పెన్సిలు ఆగింది.

"తీసేసినవి చూపించండి."

ఆయన చూపించాడు. ఆమె నిన్నటి వరసలు పైకి చదువుతూ రాసుకుంది. పదకొండూ పది, సున్నా. పదకొండూ ఇరవై, గాలి నాలుగు. పదకొండున్నర సున్నా, పదకొండూ నలభై సున్నా. తర్వాత గాలి. పన్నెండుకి సున్నా, పన్నెండూ పదికి సున్నా, పన్నెండూ ఇరవైకి సున్నా. తర్వాత గాలి. మళ్ళీ ఒక సున్నా. గాలి. రెండు సున్నాలు. గాలి. మూడు.

చదవడం ఆపేసింది.

"ఒకటి, రెండు, మూడు," అన్నాడు శాస్త్రవేత్త. "ఒకటి, రెండు, మూడు. అమ్మా, గాలికి లెక్కలు రావు."

ఆయన వేలితో కిందికి జరుపుకుంటూ పోయాడు. చీకటి పడేదాకా అదే వరస. ఇవాళ తెల్లారి ఆరింటికి మళ్ళీ మొదలు. ఒకటి, రెండు, మూడు. పది నిమిషాలకోసారి అంకె పోతుందని తెలిసిన మనిషి, ప్రతి ఉదయం ఆ పేజీ తెరిచి చూసుకునే మనిషి, లైఫ్ జాకెట్‌తో నీళ్ళలో తేలుతూ నీరు మోసుకుపోయిన దారిన పోయి ఆ పసుపు గుమ్మటాన్ని పట్టుకున్నాడు. పడవకి గాలి తగిలి ఒడ్డువైపు కొట్టుకుపోయింది. మనిషి నీటితోపాటు నేరుగా ఉత్తరానికి వెళ్ళాడు. ఎక్కి కూచున్నాడు. అరిస్తే వినేవాడు లేడు. గాలి గిన్నెల్ని చేత్తో పట్టుకుని పది నిమిషాలు ఆపాడు. వదిలాడు. మళ్ళీ ఆపాడు. ఎక్కడో ఒక గదిలో, ఎవరో ఒకరు, ఆ అంకె చూస్తారని నమ్మాడు. ఆ నమ్మకంతోనే రెండు పగళ్ళు లెక్కపెట్టాడు.

కేసుల్లో చచ్చినవాళ్ళు వదిలిన ఆనవాళ్ళు చదవడమే ఆమె వృత్తి. బతికున్న మనిషి, అంత దూరాన్నించి, ఉత్త సున్నాలతో పలకరించడం ఇదే మొదలు.

కానీ ఇవాళ మధ్యాహ్నం నించి వరస చెదిరింది. ఒంటిగంటన్నరకి ఒకటి వచ్చింది, తర్వాత రెండు వచ్చాయి. మూడు రావలసిన చోట, రెండూ ఇరవైకి, ఒక్క సున్నా పడి ఆగిపోయింది. ఆ తర్వాత అన్నీ గాలే. రెండున్నర, రెండూ నలభై, రెండూ యాభై, మూడు, మూడూ పది.

కెప్టెన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ముగ్గురూ నిలబడే చూశారు. పది నిమిషాలు అంత పొడుగుంటాయని టైముల మనిషికి కూడా అప్పుడే తెలిసింది. మూడూ ఇరవై వరస వచ్చింది.

సున్నా.

శాస్త్రవేత్త కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకున్నాడు.

"నిన్నటి నించీ తప్పు చోట వెతికాను," అన్నాడు కెప్టెన్ నెమ్మదిగా. ఆ గొంతులో ఈసారి గాలి లేదు. పడవల్ని మళ్ళించాలంటూ ఫోన్ తీసుకుని వరండాలోకి పరుగెత్తాడు.

శాస్త్రవేత్తకి మాస్టారి పుస్తకం ఒకసారి చేత్తో పట్టుకోవాలనిపించింది. తను పంపిన అంకెలు ఇంకొకరి దస్తూరీలో ఎలా ఉంటాయో చూడాలని ఆశ. ఆమె ఇచ్చింది. ఆయన తిప్పుతూ తిప్పుతూ చివరికి పోయి, అట్టకి అంటుకున్న పేజీ దగ్గర ఆగాడు. బాణం గుర్తులు, టైములు, కూడికలు.

"ఇందాక మనం చేసిన లెక్కే ఇది," అన్నాడు. "వెనక్కి నడిపారు. కానీ ఇది నిన్నటి తారీఖు కాదు. పోయిన నెలది."

ఆ తారీఖు ఆమెకి కంఠతా వచ్చు. ఆ ఉదయం తెడ్డు పడవ మీద ఒంటరిగా వెళ్ళిన ఒక నర్సుని ఏదో స్పీడ్‌బోటు గుద్ది చంపి ఆగకుండా పోయింది. విరిగిన తెడ్డు పడవ మూడు రోజులకి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఎక్కడ గుద్దింది, ఎన్నింటికి గుద్దింది అన్నది ఎవరూ తేల్చలేదు. ఆ ఫైలు ఆమె బల్ల మీదే ఉంది. మాస్టారు ఆ విరిగిన పడవ దొరికిన చోటినించి మూడు రోజులు బాణాల్ని వెనక్కి తిప్పి, చోటూ టైమూ రెండూ పట్టుకున్నాడు. కింద రెండు పంక్తులు రాశాడు.

‘6.40. ఆ వేళ రేవు దాటిన స్పీడ్‌బోటు మావాడిదొక్కటే. నా లెక్క తప్పైతే బాగుండు. వాళ్ళక్కకి తెలియకముందు, ఆదివారం పడవలో నేనే అడుగుతాను.’

ఆమె రెండుసార్లు చదివింది. తలుపు తోసుకుని కెప్టెన్ లోపలికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"రెండు పడవలు మళ్ళించాను మేడమ్. దగ్గర్లో ఉన్నది గంటలో చేరుతుంది. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పేశాను, ఇంకా ఎంతసేపు ఏడుస్తారు పాపం. వాళ్ళక్క ఫోను తన దగ్గరే ఉందట, బావమరిదే ఎత్తాడు. కాసేపు నోట మాట రాలేదతనికి. రేవులోనే ఉన్నాడట. తన స్పీడ్‌బోటైతే ఇరవై నిమిషాల్లో చేరుతుంది, నేనే వెళ్ళి బావని తెచ్చుకుంటానన్నాడు. వెళ్ళమన్నాను."

"ఎన్నింటికి?" అంది ఆమె.

"మూడూ ఇరవై రెండు."

గోడ మీద మూడున్నర. ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. రేవు దాటి చాలా దూరంలో, నీటి మీద సన్నటి తెల్ల గీత ఒకటి నడిసముద్రం వైపు సూటిగా పోతోంది.

వెనకాల శాస్త్రవేత్త ఏదో అన్నాడు. ఆమె తిరిగి చూసింది. కొత్త వరస వచ్చింది. సున్నా. ఒకటి అయ్యాక వదలాల్సిన చోట వదలకుండా, ఒకటినే పొడిగిస్తున్న చెయ్యి. తన మాట ఒడ్డుకి చేరిందని ఆ మనిషికి తెలియదు. ఇంకో పన్నెండు నిమిషాల్లో తన వైపు ఒక పడవ రావడం చూస్తాడు, గిన్నెలు వదిలేసి, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని దానికి చెయ్యి ఊపుతాడు.